నరాల్లో దాగే వైరస్, లెక్కకు రాని చావులు

ఆవు మేత మానేసి, చొంగ కారుస్తూ, తల గోడకేసి ఒత్తుకుంటూ, తిరిగిన చోటే తిరుగుతూ ఉంటే మన పల్లెల్లో రెండే మాటలు వినిపిస్తాయి. పిచ్చికుక్క కరిచిందని ఒకరంటారు. గాలి సోకిందని ఇంకొకరంటారు. నాలుగు రోజులు తిరక్కముందే పశువు కూలబడుతుంది. గుంట తీసి పూడ్చేస్తాం. ఆ చావుకు పేరుండదు. పేరు లేదు కనుక రిజిస్టరులోకి ఎక్కదు. రిజిస్టరులో లేదు కనుక సర్కారు లెక్కల్లో ఆ జబ్బు మన మండలంలో లేనట్టే. రేపు టీకా కావాలని అడిగితే, మీ దగ్గర కేసులు ఎక్కడున్నాయనే ప్రశ్న ఎదురవుతుంది. అప్పు చేసి కొన్న పాడి ఆవు పోయిన ఇంటికి మిగిలేది బాకీ ఒక్కటే.

పశువుల మెదడుకు, నరాలకు వచ్చే జబ్బుల్లో హెర్పిస్ వైరస్‌ల పాత్ర గురించి ఈ నెల రాయాలనుకున్నది ఇందుకే. ఇది డాక్టర్లు మాట్లాడుకోవలసిన విషయం, మనకెందుకని అనుకోవద్దు. ఈ వైరస్ నడిచే దారి తెలిస్తే, మన కొట్టంలో జరిగే చాలా పనుల్లో ఏది మేలో ఏది కీడో తెలుస్తుంది. ప్రభుత్వాన్ని ఏమడగాలో కూడా తెలుస్తుంది.

పశువులకు సోకే హెర్పిస్ వైరస్‌లలో మొదట చెప్పుకోవలసింది ఐబీఆర్ అని డాక్టర్లు పిలిచే జబ్బుకు కారణమైన బొవైన్ హెర్పిస్ వైరస్ ఒకటో రకం. 1950లలో అమెరికాలో పశువులను గుంపులుగా మేపి బలిపించే దొడ్లలో ఇది బయటపడింది. మన దేశంలో 1976లో మొదటిసారి నమోదైంది. ముక్కు ఎర్రబడి చీమిడి కారడం, కళ్లు పుసులు కట్టడం, జ్వరం, పాలు ఒక్కసారిగా తగ్గిపోవడం, చూడి పశువులు ఐదో నెల నుంచి ఎనిమిదో నెల మధ్య ఈసుకుపోవడం దీని లక్షణాలు. ఇవి చాలావరకు మనం చూసినవే. చీమిడి తగ్గిందంటే జబ్బు పోయిందని అనుకుంటాం. అసలు సంగతి అక్కడే మొదలవుతుంది.

ముక్కు పొరల్లో పెరిగిన వైరస్ అక్కడి నరాల కొనలను పట్టుకుంటుంది. నరం వెంబడి పాకి, పుర్రె అడుగున ఉండే నరాల ముడిలోకి చేరుతుంది. ముఖానికి, ముక్కుకు, కంటికి స్పర్శ తెలిపే నరాలన్నీ కలిసే ముడి అది. ఆంబోతు ద్వారా, జననాంగాల ద్వారా సోకితే నడుము కింది నరాల ముడిలో చేరుతుంది. అక్కడికి చేరాక వైరస్ నిద్రపోతుంది. రక్తంలోని రోగనిరోధక శక్తి దాన్ని అక్కడినుంచి తరమలేదు. ఏ మందూ దాన్ని అక్కడినుంచి తీయలేదు. ఒకసారి సోకిన పశువు బతికినంత కాలం దాన్ని మోస్తూనే ఉంటుంది. పైకి చూస్తే నిగనిగలాడుతూ ఉంటుంది, పాలు ఇస్తుంది, దూడను ఈనుతుంది.

పశువు ఒంట్లో సత్తువ తగ్గినప్పుడు ఆ వైరస్ నిద్ర లేస్తుంది. ఈనే సమయం, లారీలో దూరప్రయాణం, మేత కరువు, మండే ఎండ, వేరే జబ్బు, ఇవన్నీ దాన్ని లేపేవే. లేచిన వైరస్ వచ్చిన నరం వెంబడే వెనక్కి దిగి, ముక్కు చీమిడిలోకి, కంటి నీళ్లలోకి వచ్చి చేరుతుంది. పక్కనున్న దూడకూ, కుడితి తొట్టిలో మూతి పెట్టిన మరో ఆవుకూ అంటుకుంటుంది. కొత్త పశువును కొనకపోయినా, బయటి మందతో కలవకపోయినా కొట్టంలోకి జబ్బు ఎలా వచ్చిందని రైతు తల పట్టుకుంటాడు. ఏళ్ల కిందట వచ్చిన పశువు నరాల్లోనే అది కూర్చుని ఉంది.

ఇదే కుటుంబంలో ఐదో రకం వైరస్ ఒకటుంది. దీనికి మెదడు మీదే గురి. ముక్కులో చేరాక వాసన నరం వెంబడి నేరుగా మెదడుకు ఎక్కుతుంది. ఎక్కువగా దూడలు, పడ్డలు దీని పాలబడతాయి. చొంగ, పళ్లు కొరకడం, చూపు మందగించడం, తల గోడకు ఒత్తడం, గుండ్రంగా తిరగడం, చివరికి కాళ్లు కొట్టుకుంటూ పడిపోవడం దీని క్రమం. మెదడుకు ఎక్కిన దూడ తిరిగి కోలుకోవడం చాలా అరుదు. 1962లో ఆస్ట్రేలియాలో దీన్ని గుర్తించారు. ఐబీఆర్ వైరస్‌లోనే ఒక తీరని చాలాకాలం అనుకున్నారు. 1992లో దీన్ని వేరే వైరస్‌గా లెక్కలోకి తీసుకున్నారు.

ఈ ఐదో రకం ఎక్కువ నష్టం చేసిన నేలలు అర్జెంటీనా, బ్రెజిల్. బ్రెజిల్ మాట వింటే మన ప్రాంతం వాళ్లకు ఒక సంగతి గుర్తు రావాలి. అక్కడి మాంసం పశువుల్లో సింహభాగం ‘నెలోరే’ జాతివి. ఆ పేరు మన నెల్లూరుదే. ఇక్కడినుంచి ఓడలెక్కి వెళ్లిన ఒంగోలు జాతి పశువుల సంతతే అవి. మన పశువుల రక్తం పారుతున్న చోట ఈ మెదడు జబ్బు మీద దశాబ్దాలుగా పరిశోధన సాగుతోంది. తల్లి నుంచి విడదీసిన దూడలు, కొత్త మందలోకి మార్చిన పశువులు, దూరం తోలిన పశువులు, వీటిలోనే జబ్బు ఎక్కువగా బయటపడుతుందని అక్కడి పశువైద్యులు గమనించారు. జాతి గొప్పదైనంత మాత్రాన వైరస్ వదిలిపెట్టదని ఆ దేశపు అనుభవం చెబుతోంది.

మూడో సంగతి గొర్రెలది. నెల్లూరు జుడిపి గొర్రె మన గర్వం. తడ, సూళ్లూరుపేట పక్కన గొర్రెల మంద లేని ఊరు తక్కువ. గొర్రెల ఒంట్లో వాటికి ఏ హానీ చేయకుండా ఉండే హెర్పిస్ వైరస్ ఒకటుంది. అది ఆవుకో గేదెకో సోకితే ప్రాణాంతకం. ఎడతెగని జ్వరం, రెండు కళ్లూ తెల్లగా పొర కమ్మడం, మూతి ఎండి పక్కులు కట్టడం, ఆపైన వణుకు, తూలుడు, మెదడు వాపు. సోకిన పశువు బతకడం అరుదు. ఈ జబ్బు కాశ్మీరులో నమోదైంది. దక్షిణాదిలో గొర్రెల మందల్లో ఈ వైరస్ ఉన్నట్టు పరీక్షల్లో తేలింది. ఊరట కలిగించే విషయం ఒకటే, ఆవు నుంచి ఆవుకు ఇది అంటదు. ఆరేడు నెలల వయసున్న గొర్రెపిల్లల చీమిడిలో ఈ వైరస్ ఎక్కువగా వస్తుంది. కాబట్టి గొర్రెపిల్లల దొడ్డినీ పాడి పశువుల కొట్టాన్నీ ఒకే కప్పు కింద పెట్టకూడదు. ఒకే తొట్టిలో నీళ్లు పెట్టకూడదు. చోటు చాలక ఒక్కచోట కట్టే ఇళ్లు మనకు తెలుసు. కనీసం మధ్యన తడిక అడ్డం, వేరు వేరు తొట్లు ఉంటే ముప్పు తగ్గుతుంది.

ఇక మన తడ సంగతి. తూర్పున పులికాట్ సరస్సు, దక్షిణాన తమిళనాడు సరిహద్దు, మధ్యలో చెన్నైకి పోయే 16వ నంబరు జాతీయ రహదారి. పశువులు లారీల్లో ఇటూ అటూ సాగే దారి ఇది. సరిహద్దుకు అవతల కొన్న సంకరజాతి ఆవు సాయంత్రానికి మన కొట్టంలో ఉంటుంది. దానికి ఏ పరీక్షా జరిగి ఉండదు. ఇరకం దీవి లాంటి చోట్లకు పడవలో మనిషి వెళ్లాలన్నా గాలీ నీరూ చూసుకోవాలి. ఇక పశువైద్యుడు, మంచుపెట్టె, పరీక్ష సామాను అక్కడికి వేళకు చేరడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు. పారిశ్రామికవాడలు వచ్చాక మేత బీళ్లు తగ్గాయి. మిగిలిన బీళ్లలోనే అన్ని మందలూ కలుస్తున్నాయి. మే నెల ఉక్క, కార్తీక మార్గశిరాల్లో తుఫాను వాన, 2023 డిసెంబరు నాటి మిచాంగ్ లాంటి తుఫాన్లలో రోజుల తరబడి మేత లేక తడిసి నిలబడ్డ గొడ్లు, వీటన్నిటినీ తలుచుకోండి. నిద్రపోయే వైరస్‌ను లేపడానికి ఇంతకంటే అనువైన పరిస్థితి వేరే అక్కర్లేదు.

వీటికి తోడు మనం చేతులారా చేస్తున్న పని ఒకటుంది. పశువు కుంటినా, మేత తగ్గించినా, ఈనాక నీరసించినా ఒక సూది వేయించుకుంటున్నాం. సాయంత్రానికి పశువు చురుగ్గా లేచి నిలబడితే మంచి మందనుకుంటున్నాం. చాలాసార్లు అది డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్. డాక్టరు చూసి, అవసరమని రాస్తే అది మందే. ఎవరుపడితే వాళ్లు సంచిలో పెట్టుకుని వచ్చి పొడిచిపోతే అది ముప్పు. నరాల్లో దాగిన హెర్పిస్ వైరస్‌ను పరిశోధనశాలల్లో కావాలని నిద్రలేపాలంటే శాస్త్రవేత్తలు వాడేది సరిగ్గా ఈ మందే. అవసరం లేని స్టెరాయిడ్ సూది ఒక ఆవుకు పొడిస్తే దాని వైరస్ కొట్టం మొత్తానికి పాకవచ్చు. నిండు చూడితో ఉన్న పశువుకు వేస్తే అదే సూది ఈసుకుపోవడానికీ దారి తీయవచ్చు. అందుకే ఏ సూది వేస్తున్నారో పేరు అడగండి. సీసా చూపించమని అడగండి. అది మన హక్కు.

ఎద సూది సంగతీ అంతే ముఖ్యం. ఐబీఆర్ వైరస్ ఆంబోతు వీర్యం ద్వారా వ్యాపిస్తుంది. ద్రవ నత్రజనిలో గడ్డకట్టించినా అది చావదు. ఆస్ట్రేలియాలో పైకి ఆరోగ్యంగా ఉన్న ఆంబోతు వీర్యంలో మెదడు జబ్బు తెచ్చే ఐదో రకం కూడా దొరికింది. అందుకే కేంద్ర పశుసంవర్ధక శాఖ నిర్ణయించిన కనీస ప్రమాణాల ప్రకారం వీర్య కేంద్రాల్లోని ఆంబోతులకు క్షయ, బ్రుసెల్లోసిస్‌లతో పాటు ఐబీఆర్ పరీక్ష కూడా చేయాలి. పరీక్ష జరిగిన కేంద్రం నుంచి వచ్చిన గడ్డి గొట్టం మీద ఆంబోతు నంబరు, కేంద్రం పేరు, తేదీ ఉంటాయి. ఎక్కడిదో తెలియని గొట్టాన్ని తక్కువ ధరకు వేస్తామంటే ఒప్పుకోవద్దు. ఊళ్లో అచ్చుబోసిన ఆంబోతుతో దాటించే చోట ఆ ఆంబోతుకైనా పరీక్ష చేయించడం పంచాయతీ బాధ్యతగా తీసుకోవాలి.

అన్నిటికంటే పెద్ద లోటు రోగనిర్ధారణలో ఉంది. చొంగ కార్చి తూలే ప్రతి పశువుకూ హెర్పిస్ జబ్బే అని మేము చెప్పడం లేదు. రేబిస్ కావచ్చు. ఆముదపాకు, పురుగుమందు తిన్న విషం కావచ్చు. సర్రా, గోమారి జ్వరం మెదడుకెక్కి ఉండవచ్చు. ఒక విటమిన్ లోపం కూడా అచ్చం ఇలాగే కనిపిస్తుంది. వీటిలో కొన్నిటికి వేళకు మందిస్తే పశువు బతుకుతుంది. పేరు తేల్చకుండా అన్నిటినీ ఒక గాటన కట్టేయడం వల్ల బతకవలసిన పశువు కూడా పోతోంది.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఐబీఆర్ మనుషులకు రాదు. రేబిస్ వస్తుంది, వస్తే ప్రాణం దక్కదు. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి కనుక, పరీక్షలో తేలేదాకా చొంగ కార్చే పశువును రేబిస్ పశువుగానే చూడాలి. గొంతులో ఏదో అడ్డం పడిందని నోట్లో చెయ్యి పెట్టవద్దు. గొట్టంతో మందు పోయవద్దు. చొంగ చేతికి తగిలితే సబ్బు నీళ్లతో పావుగంట సేపు కడుక్కుని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లి టీకా సంగతి అడగండి. ఆ పశువు పాలు దూడకు గానీ మనుషులకు గానీ పట్టవద్దు. పశువు చనిపోతే తల కోసే పని మనవాళ్లు ఎవరూ చేయకూడదు. అది తగిన రక్షణతో పశువైద్యుడే చేయాలి.

మెదడు నమూనా పరీక్షకు వెళితేనే నిజం తేలుతుంది. రక్తంలో యాంటీబాడీలు చూసే ఎలిసా పరీక్ష మంద మొత్తంలో ఐబీఆర్ ఎంత పాకిందో చెబుతుంది. బెంగళూరులోని జాతీయ పశురోగ పరిశోధన సంస్థ నివేదీ ఈ పరీక్షకు కిట్ తయారు చేసింది. అయితే మామూలు ఎలిసాలో ఒకటో రకం, ఐదో రకం ఒకదానికొకటి కలగలిసి కనిపిస్తాయి. రెంటినీ విడదీయాలంటే పీసీఆర్ పరీక్ష కావాలి. 2022 ఏప్రిల్‌లో తడ నెల్లూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి మారింది. ఆ తిరుపతిలోనే శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది. కావలసింది చనిపోయిన పశువు నుంచి ప్రయోగశాల దాకా మంచుపెట్టెలో నమూనా చేరే ఏర్పాటు. దానికి బాధ్యుడైన ఒక ఉద్యోగి, ఒక బండి, ఒక గడువు.

చట్టం మన పక్షానే ఉంది. 2009 నాటి పశువుల అంటువ్యాధుల నివారణ, నియంత్రణ చట్టం షెడ్యూలులో ఐబీఆర్ ఉంది. గొర్రెల నుంచి వచ్చే ఆ కంటిపొర జ్వరం ఉంది. పందుల నుంచి పశువులకు సోకి, విపరీతమైన దురదతో రెండు మూడు రోజుల్లో చంపే ఆజెస్కీ వ్యాధి కూడా ఉంది. అదీ హెర్పిస్ వైరసే. షెడ్యూలులోని జబ్బు ఉందన్న అనుమానం వస్తే యజమాని గ్రామాధికారికో పంచాయతీకో తెలపాలని చట్టం చెబుతోంది. తెలపడం రైతు బాధ్యత. అందిన కబురును పశువైద్యుడి దాకా చేర్చడం, పరీక్షించడం యంత్రాంగం బాధ్యత. మొదటి సగం రైతు చేస్తే రెండో సగం కోసం నిలదీసే అర్హత వస్తుంది. అందుకే కబురు నోటిమాటగా వదలకుండా కాగితం మీద రాసి ఇవ్వాలి.

టీకాల విషయానికి వస్తే, 2019 సెప్టెంబరులో కేంద్రం మొదలుపెట్టిన జాతీయ పశురోగ నియంత్రణ కార్యక్రమం గాలికుంటుకూ బ్రుసెల్లోసిస్‌కూ ఉచితంగా టీకా ఇస్తోంది. అది మంచి పని. అందులో ఐబీఆర్ లేదు. హైదరాబాదు కేంద్రంగా ఉన్న ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ సంస్థ ఐబీఆర్‌కు మార్కర్ టీకా తయారు చేసింది. ఈ తరహా టీకా వేసిన పశువునూ, జబ్బు సోకిన పశువునూ పరీక్షలో విడిగా గుర్తించవచ్చు. టీకా నరాల్లోని వైరస్‌ను తీసేయదు. జబ్బు తీవ్రతను, వైరస్ బయటికి రావడాన్ని తగ్గిస్తుంది. డెన్మార్క్, స్విట్జర్లాండ్ వంటి దేశాలు వైరస్ ఉన్న పశువులను మందల నుంచి ఏరివేసి జబ్బును వదిలించుకున్నాయి. 2017లో జర్మనీ కూడా ఆ జాబితాలో చేరింది. రెండు ఆవులతో ఇల్లు గడిపే మన రైతుకు ఏరివేత దారి కాదు. మనకు పనికొచ్చేది పరీక్ష, టీకా, శుభ్రమైన వీర్యం. రాష్ట్రాలు తమకు ముఖ్యమనుకున్న జబ్బులను ఎంచుకోవడానికి కేంద్రం అస్కాడ్ పేరుతో 60:40 నిష్పత్తిలో నిధులిస్తోంది. ఆ పద్దు కింద ఐబీఆర్‌ను చేర్చడానికి ఢిల్లీ వైపు చూడనవసరం లేదు, రాష్ట్రం పూనుకుంటే చాలు.

కాబట్టి మన సంఘం కోరికలు ఇవి. నరాల జబ్బు లక్షణాలతో చనిపోయిన ప్రతి పశువు నుంచి పశువైద్యుడు నమూనా తీయాలి, ఫలితం రాతపూర్వకంగా రైతుకు అందాలి. తడ, సూళ్లూరుపేట, దొరవారిసత్రం మండలాల్లో పాడి పశువుల రక్త నమూనాలతో ఐబీఆర్ సర్వే చేసి లెక్క బయటపెట్టాలి. సర్వేలో జబ్బు తేలిన ఊళ్లలో మార్కర్ టీకా ఉచితంగా వేయాలి. సరిహద్దు దాటి వచ్చే పాడి పశువులకు రైతు మీద భారం లేకుండా పరీక్ష చేయాలి. 1962 నంబరు సంచార పశువైద్య వాహనంలో నమూనాల మంచుపెట్టె ఉండాలి, పులికాట్ దీవుల ఊళ్లకు నెలకు ఒక్కసారైనా పశువైద్య బృందం పడవలో వెళ్లాలి. నరాల జబ్బుతో పోయిన పశువుకు బీమా సొమ్ము, ప్రయోగశాల ఫలితం ఆలస్యమైందన్న వంకతో ఆపకూడదు.

మన వంతు పనులు కూడా ఉన్నాయి. కొత్తగా కొన్న పశువును కనీసం మూడు వారాలు విడిగా కట్టండి. ఈసుకుపోయిన పశువు మావిని కుక్కల పాలు చేయకుండా సున్నం వేసి లోతుగా పూడ్చండి. చెవిపోగు నంబరుతో పాటు, పశువు ఎప్పుడు ఎద సూది వేయించుకుంది, ఏ సూదులు వేశారు, ఎప్పుడు ఈసుకుపోయింది అన్నది ఒక నోటుపుస్తకంలో రాసి పెట్టుకోండి. పాలు పితికేదీ, కుడితి పెట్టేదీ, పశువు నలతను ముందుగా కనిపెట్టేదీ ఇంటి ఆడవాళ్లే. కాబట్టి ఈ సంచిక వాళ్ల చేతికి అందాలి, సంఘం సమావేశాల్లో ఈ విషయం వాళ్ల సమక్షంలోనే మాట్లాడాలి.

ప్రతి గ్రామ శాఖ ఈ నెల సమావేశంలో, గడిచిన ఏడాదిలో తూలి పడి చనిపోయిన పశువులు, నెలలు నిండకుండా ఈసుకుపోయిన పశువుల జాబితా తయారు చేసి మండల కమిటీకి పంపాలని కోరుతున్నాం. ఆ జాబితాలన్నీ కలిపి తిరుపతిలో జిల్లా పశుసంవర్ధక అధికారికి మనమే స్వయంగా అందజేద్దాం. మీ దగ్గర కేసులు ఎక్కడున్నాయని అడిగితే, ఊరు పేరుతో, తేదీతో జవాబు మన చేతిలో ఉండాలి.